కూనూరు ఎలుకలు, లండన్ శ్రోతలు, సర్కారు జిల్లాల అన్నం: వైద్యపరిశోధనా ఉపన్యాసంపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పరిశోధనాలయంలో తేలిన విషయాన్ని పరిశోధకుడు జనం ముందు నిలబడి చెప్పే బహిరంగ ఉపన్యాసం కూడా ఒక వచనప్రక్రియే. దానికీ నిర్మాణం, శైలి, ఉద్దిష్ట శ్రోత ఉంటాయి. సర్ రాబర్ట్ మెక్కారిసన్ 1936లో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్‌లో ఇచ్చిన కాంటర్ ఉపన్యాసాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ఉపన్యాసాల వెనుక ఉన్న కూనూరు ప్రయోగశాల బెరిబెరి వ్యాధి కారణంగా పుట్టింది. ఆ వ్యాధికి దక్షిణభారతంలో ప్రధాన స్థావరం తెలుగు తీరం. అయినా ఆ ఉపన్యాసాలలో తెలుగువారు వినేవారుగా కాదుగదా, విడిగా పేర్కొనదగిన జనంగా కూడా కనబడరు. ఈ లోపం శాస్త్రానిదా, ఉపన్యాసానిదా అన్నది ఇక్కడ ప్రశ్న.

కీలకపదాలు: బహిరంగ ఉపన్యాసం, మెక్కారిసన్, పోషకాహార పరిశోధన, బెరిబెరి, ఉత్తర సర్కారులు, అర్థాంతరన్యాసం.

1. ఉపన్యాసమనే మాట

తెలుగు వ్యాసచరిత్రలో 'ఉపన్యాసం' అన్న మాటకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. 1862లో వెలువడిన 'హితసూచని'లో సామినేని ముద్దునరసింహం నాయుడు తమ రచనలను ప్రమేయాలన్నారు. కందుకూరి వీరేశలింగం తమ వ్యాసాలను ఉపన్యాసాలన్నారు. వేదికమీద పలికినదానికీ, అచ్చులో చదువుకునేదానికీ ఆయన కాలంలో ఒకే పేరు చెల్లింది. తరవాత వ్యాసం విడిపోయి సాహిత్య ప్రక్రియగా స్థిరపడింది. ఉపన్యాసం సభలకు పరిమితమై విమర్శకుల దృష్టి నుంచి తప్పుకున్నది. వీరేశలింగం శరీరశాస్త్ర సంగ్రహం రాశారనీ, 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలనూ తెలుగు చేసిందనీ పాఠ్యగ్రంథాలలో చెబుతూనే ఉంటాం. కాని ఆ వచనాన్ని వచనంగా చదివి, అది ఎవరితో మాట్లాడుతున్నదో అడగడం అరుదు.

ఉపన్యాసమంటే ధాత్వర్థం దగ్గరగా ఉంచడం. ఒక విషయాన్ని తెచ్చి శ్రోత దగ్గర పెట్టడం. అప్పుడు సహజంగా రావలసిన ప్రశ్న, ఏ శ్రోత దగ్గర? కావ్యం విషయంలో ఈ ప్రశ్నను మనం సహృదయుడన్న భావనతో దాటవేయగలం. వైద్యపరిశోధన విషయంలో దాటవేయలేం. అక్కడ వినేవాడు వేరు, జబ్బుపడేవాడు వేరు, ఖర్చు భరించేవాడు వేరు కావచ్చు. ఒక పరిశోధన సంస్థ తన పనిని జనానికి వినిపించినప్పుడు ఈ ముగ్గురిలో ఎవరిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నదన్నదే ఆ ఉపన్యాసపు వస్తువునూ, తర్కాన్నీ చాలావరకు నిర్ణయిస్తుంది.

2. కూనూరు నుంచి లండన్‌కు

మెక్కారిసన్ ఐర్లండులో పుట్టి, 1901లో ఇండియన్ మెడికల్ సర్వీసు ఉద్యోగిగా మన దేశానికి వచ్చారు. వాయవ్య సరిహద్దులోని చిత్రాల్, గిల్గిత్ ప్రాంతాలలో పనిచేశారు. అక్కడ గొంతువాపు వ్యాధిపై చేసిన పరిశోధన ఆయనకు పేరు తెచ్చింది. ఆ విషయంపై 1913లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో మిల్రాయ్ ఉపన్యాసాలు ఇచ్చారు. 1918లో నీలగిరులలోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక గదిలో బెరిబెరి విచారణ విభాగం ప్రారంభమైంది. అది క్రమంగా లోపవ్యాధుల విచారణగా విస్తరించి, 1928లో న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్ అయింది. మెక్కారిసన్ దాని తొలి సంచాలకులు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో స్వర్ణోత్సవ సందర్భంలో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది.

1921లో ఆయన అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మెలన్ ఉపన్యాసం ఇచ్చారు. 1935లో పదవీ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళిన మరుసటి ఏడాది ఇచ్చినవి మూడు కాంటర్ ఉపన్యాసాలు. అవి తరవాత 'న్యూట్రిషన్ అండ్ నేషనల్ హెల్త్' అన్న పేరుతో గ్రంథరూపం పొందాయి. పోషణ, జాతీయారోగ్యం అన్న ఈ జంటపదంలో జాతి బ్రిటిష్ జాతి. ప్రయోగాలు కూనూరువి, తిండ్లు భారతీయులవి, అన్వయం ఇంగ్లండుకు. ఆయన మాట్లాడినది లండన్ సభలో కాబట్టి ఇది తప్పని ఎవరూ అనలేరు. కాని ఈ ఏర్పాటు వాదనలోకి ఎంత లోతుగా దిగిందో చూడాలి.

3. బోనులో దేశం

ఉపన్యాసాల కేంద్రంలో ఉన్న ప్రయోగం చాలా సరళమైనది. ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక్కొక్క గుంపుకు భారతదేశంలో ఒక్కొక్క జనసమూహం తినే తిండి పెట్టారు. సిక్కులు, పఠానులు, మరాఠాలు, గూర్ఖాలు, కన్నడిగులు, బెంగాలీలు, మదరాసీలు. గాలి, వెలుతురు, శుభ్రత అన్ని గుంపులకూ సమానం. తేడా తిండిలోనే. కొంతకాలానికి తూచి చూస్తే సిక్కుల తిండి తిన్న ఎలుకలు అన్నిటికంటే బరువుగా, మదరాసీ తిండి తిన్నవి అన్నిటికంటే తేలికగా ఉన్నాయి. తక్కినవన్నీ నేను పైన చెప్పిన వరసలోనే ఆ రెంటి మధ్యా నిలిచాయి.

సిక్కుల తిండి అంటే ముడిగోధుమ రొట్టె, దానిమీద వెన్న, మొలకెత్తిన సెనగలు, పచ్చి కారట్, క్యాబేజీ, కాచని పాలు, వారానికొకసారి కాస్త మాంసం. మదరాసీ తిండికి ఆధారం కడిగిన పాలిష్ బియ్యం. పప్పు, కూర, మజ్జిగ, కాఫీ ఉన్నా పాలు స్వల్పం. సిక్కుల పద్ధతిలో పెంచిన వెయ్యికి పైగా ఎలుకలను మెక్కారిసన్ కోసి పరీక్షించారు. రెండుంపావు ఏళ్ళ కాలంలో ఆ సమూహంలో జబ్బన్నది కనబడలేదనీ, ప్రమాదాలు మినహా పిల్లల మరణాలు లేవనీ నివేదించారు. ఆ సమూహాన్ని ఆయన ఒక చిన్న విశ్వంగా భావించారు. ఆ మాట ఎన్నికలోనే ఉపన్యాసకుడి నేర్పు తెలుస్తుంది. బోను విశ్వమైన తరవాత, ఆ విశ్వం నుంచి మానవలోకానికి ఒక్క అడుగే.

ఆ అడుగును మన అలంకారశాస్త్ర పరిభాషలో అర్థాంతరన్యాసం అనవచ్చు. విశేషాన్ని సామాన్యంతోనో, సామాన్యాన్ని విశేషంతోనో సమర్థించడం దాని లక్షణం. మెక్కారిసన్ ఉపన్యాసంలో ఎలుక విశేషం, జాతి సామాన్యం. సిక్కుల తిండి తిన్న ఎలుక దృఢంగా ఉంది, సిక్కులు దృఢంగా ఉంటారు, కనుక తిండే కారణం. కావ్యంలో ఈ అలంకారం శోభిస్తుంది. అక్కడ దాని పని మనసుకు నచ్చజెప్పడం. రుజువుగా తీసుకున్నప్పుడు మాత్రం రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీ కనబడుతుంది. ఆ ఏడు తిండ్లూ ఒక్క పదార్థంలో కాదు, పది పదార్థాలలో తేడాగా ఉన్నాయి. పాల పరిమాణమొక్కటే ఫలితాన్ని ఎంతో మార్చగలదు. ప్రయోగం చూపినది ఈ తిండ్లలో ఎలుక పెరుగుదలకు ఏది ఎక్కువ పనికివస్తుందన్నది మాత్రమే. ఆ ఫలితం విలువైనదే. అయితే ఉపన్యాసం అక్కడ ఆగకుండా జాతుల దేహదారుఢ్యానికి ప్రధాన కారణం చెప్పింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, న్యాయంగా చెప్పుకోవాలి. పైన చెప్పిన వరస బ్రిటిష్ ఇండియా సైన్యం యోధజాతులంటూ కట్టిన నిచ్చెనకు చాలా దగ్గర. సిక్కులు, పఠానులు, మరాఠాలు, గూర్ఖాలు పైమెట్లమీద, బెంగాలీలు, మదరాసీలు అడుగున. ఆనాటి లండన్ శ్రోతకు ఈ నిచ్చెన కొత్తది కాదు. తాను ముందే నమ్మినది త్రాసులో తూగి కనబడినప్పుడు శ్రోత ఇక ప్రశ్నించడు. ఇది ఒక వైపు. రెండో వైపు చూస్తే, మెక్కారిసన్ ఆ నిచ్చెన కింది పునాదినే తీసేశారు. దారుఢ్యం రక్తంలో లేదు, పళ్ళెంలో ఉందన్నారు. అంటే మదరాసీ తిండి మారితే మదరాసీ మారతాడు. వంశాన్ని గురించీ, రక్తశుద్ధిని గురించీ యూరపులో భయంకరమైన మాటలు వినబడుతున్న 1936లో ఇలా చెప్పడం చిన్న సంగతి కాదు. కాబట్టి ఆయనను జాతివాదిగా కొట్టిపారేసే వలసానంతర విమర్శ తొందరపాటే అవుతుంది. నిచ్చెనను అలాగే ఉంచి, దాని కారణాన్ని మార్చిన ఉపన్యాసమిది. ఈ రెండూ ఒకేసారి నిజం.

శ్రోతలను ఎక్కువగా కదిలించిన ప్రయోగం మరొకటి. ఇంగ్లండులోని పేదలు తినే తెల్లరొట్టె, మార్గరీన్, చక్కెర కలిపిన టీ, ఉడికించిన కూర, డబ్బా మాంసం, చౌక జామ్ కొన్ని ఎలుకలకు పెట్టారు. అవి ఎదగలేదు. ఊపిరితిత్తుల జబ్బులు, జీర్ణకోశపు జబ్బులు వచ్చాయి. పెట్టేవారి చేతులు కరిచాయి. చివరికి బలహీనమైన వాటిని బలమైనవి చంపి తినసాగాయి. ఈ భాగంలో శ్రోత హఠాత్తుగా తన దేశాన్నే బోనులో చూస్తాడు. ఉపన్యాసం మొత్తంలో దూరం తొలగిపోయే చోటు ఇదే. మదరాసీ ఎలుక లండన్ శ్రోతకు ఒక సమాచారం. ఆంగ్ల పేదవాడి ఎలుక హెచ్చరిక. ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో పెరిగిన రెండు ఎలుకలకు ఉపన్యాసంలో దక్కిన గౌరవం ఒకటి కాదు.

4. 'మదరాసీ' అనే మాటలో ఎవరున్నారు?

ఈ ప్రశ్న తెలుగు పాఠకుడు అడగకపోతే ఇంకెవరూ అడగరు.

బెరిబెరి నరాలను, గుండెను దెబ్బతీసే వ్యాధి. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడటం, కొందరిలో ఒళ్ళు నీరుపట్టి వాయడం, పాలు తాగే పసిపిల్లలలో హఠాన్మరణం దాని రూపాలు. కారణం థయమిన్ అనే బి1 విటమిన్ లోపం. అది వరిగింజలో పైపొరల్లోనూ, మొలకలోనూ ఎక్కువగా ఉంటుంది. మరలో బియ్యాన్ని తెల్లగా చేస్తే తవుడుతో వెళ్ళిపోతుంది. మద్రాసు సైనిక వైద్యోద్యోగి మాల్కమ్‌సన్ 1835లో మద్రాసులో ప్రచురించిన బెరిబెరి గ్రంథంనాటికే ఈ వ్యాధి ఉత్తర సర్కారుల జబ్బుగా పేరుపడింది. అంటే గంజాం మొదలుకొని విశాఖపట్నం, గోదావరి, కృష్ణా తీరం వెంట. మెక్కారిసన్ స్వయంగా నారిస్‌తో కలిసి 1924లో భారతదేశంలో బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధంపై ఒక పరిశోధనా పత్రం వెలువరించారు. ఆయన తరవాత సంచాలకులైన అక్రాయిడ్, తన సహచరులతో 1940లో 'ద రైస్ ప్రాబ్లమ్ ఇన్ ఇండియా' రాశారు. మరుసటి ఏడాది కృష్ణన్‌తో కలిసి మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో శిశుమరణాలపై మరో అధ్యయనం ప్రచురించారు.

మద్రాసు రాజధానిలో అందరూ అన్నమే తినేవారు. మరి వ్యాధి తెలుగు తీరంలోనే ఎందుకు గూడుకట్టుకుంది? సమాధానం ఉప్పుడు బియ్యంలో ఉంది. తమిళ, మలయాళ ప్రాంతాలలో చాలాచోట్ల వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి ఆ తరవాత దంచేవారు. అలా చేసినప్పుడు పైపొరలోని విటమిన్ కొంత గింజ లోపలికి చేరుతుంది. ఆపైన మర పట్టినా, కడిగినా పూర్తిగా పోదు. సర్కారు జిల్లాలలో వాడుక పచ్చి బియ్యం. దంపుడు బియ్యం తిన్నంతకాలం తవుడు కొంత గింజనంటి ఉండేది. బియ్యపు మరలు వచ్చాక ఆ రక్షణ కూడా పోయింది. అదే మర, అదే రాజధాని. ఒక ఇంట్లో వడ్లను ఉడకబెట్టారు, ఒక ఇంట్లో ఉడకబెట్టలేదు. ఆ తేడామీద ప్రాణాలు ఆధారపడ్డాయి.

ఇప్పుడు కాంటర్ ఉపన్యాసాలకు తిరిగివస్తే, ఈ తేడా మొత్తం 'మదరాసీ' అన్న ఒక్క బోనులో కలిసిపోయి ఉంది. వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఏ విభజన అవసరమో ఆ విభజననే ఉపన్యాసం చెరిపేసింది. దీన్ని అజ్ఞానమనలేం. బెరిబెరి విచారణకోసం పుట్టిన సంస్థ అధిపతికి బియ్యాల తేడా తెలియకపోవడమనేది లేదు. ఇది ప్రక్రియ చేసిన పని. గంటసేపు సాగే ఉపన్యాసానికి ఏడు పేర్లు చాలు, పద్నాలుగు పేర్లయితే శ్రోత చెయ్యి జారిపోతాడు. లండన్ శ్రోతకు మదరాసీ ఒక్కడే. సైనికాధికారి అనుభవంలోనూ, జనగణన నివేదికల బయటి వాడుకలోనూ తెలుగు, తమిళ, మలయాళ జనం ఆ ఒక్క పేరుకింద సర్దుకున్నవారే. శ్రోత పరిచయానికి తగ్గట్టు ఉపన్యాసకుడు తన జ్ఞానాన్ని కుదించుకున్నారు. జనరంజక విజ్ఞాన రచనలో సరళీకరణం తప్పనిసరి అంటూ మనం సులువుగా సమర్థిస్తుంటాం. దేన్ని సరళం చేస్తున్నామో చూడకుండా అలా అనడం ప్రమాదం.

5. ధర చెప్పని సలహా

అదే 1936లో ఇంగ్లండులో జాన్ బాయిడ్ ఆర్ 'ఫుడ్, హెల్త్ అండ్ ఇన్‌కమ్' ప్రచురించారు. ఆయన బ్రిటిష్ జనాభాను ఆదాయాన్నిబట్టి ఆరు వర్గాలుగా విడదీసి, ఎవరి తిండిలో ఏమి కొరవడుతున్నదో పట్టికలతో చూపారు. మెక్కారిసన్ జనాన్ని జాతినిబట్టి విడదీశారు, బాయిడ్ ఆర్ జేబునుబట్టి. మొదటిదానిలో తిండి ఒక ఆచారం, రెండోదానిలో కొనుగోలు. ఆంగ్ల పేదవాడు తెల్లరొట్టె, టీ తిని బతకడం ఆచారంవల్ల కాదని మెక్కారిసన్‌కు తెలియదా? తెలుసు. కాని ఆయన వాదనాక్రమంలో ఆదాయం ఒక నేపథ్యం మాత్రమే. పాలు, వెన్న, తాజా కూరలు తినమన్న సలహా విన్న సభలో వాటిని కొనగలిగినవారే ఎక్కువమంది ఉండి ఉంటారు.

తెలుగు తీరంలో ఈ విషయం మరింత కటువుగా ఉంటుంది. మన ఇళ్ళలో బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టిలోకి పోతాయి. వార్చిన గంజి కూడా తరచు అక్కడికే. మర నుంచి వచ్చిన తవుడూ పశువుకే. థయమిన్ నీటిలో కరిగేది కాబట్టి గింజలో మిగిలినదీ ఇలా వెళ్ళిపోతుంది. గేదె ఉన్న రైతుకు ఇందులో పూర్తి నష్టం లేదు. తవుడూ కుడితీ తాగిన పశువు పాలిస్తుంది. గేదె లేని కూలివాడికి తవుడు మిల్లులోనే పోతుంది, కుడితి మురుగులో పోతుంది. గంజినీళ్ళను పారబోయకుండా తరవాణి పెట్టుకునే ఇళ్ళు ఈ విషయంలో తెలివైనవి, ఆ తెలివికి ఏ పరిశోధనాలయపు ముద్ర లేకపోయినా. ఇద్దరూ పచ్చి బియ్యమే తిన్నారు, ఇద్దరూ మదరాసీలే, ఒకే బోనులో ఎలుకలే. వారిద్దరి మధ్య ఉన్నది గేదె. ఏ ఎలుక ప్రయోగంలోనూ గేదె ఎవరిదన్న ప్రశ్న ఇమడదు.

కూనూరులోనే దీనికి భిన్నమైన వచనం కూడా పుట్టిందని గుర్తించాలి. అక్రాయిడ్ కాలంలో వెలువడిన 23వ హెల్త్ బులెటిన్ భారతీయ ఆహారాల పోషకవిలువల పట్టిక. దానిలో వాక్చాతుర్యం లేదు. వడ్లు, రాగులు, పప్పులు, ఆకుకూరలు, ఒక్కొక్కదానిలో ఏముందో అంకెల్లో ఉంటుంది. సమతులాహారం రూపొందించడంలో ఖర్చు సంగతినీ అది విడవలేదు. గోపాలన్ సంచాలకత్వంలో ఇది విస్తరించి దేశంలో పోషకాహారం చదివే ప్రతి విద్యార్థి చేతికీ వచ్చింది. ఉపన్యాసం లోకంలో పేరు తెచ్చుకుంది, పట్టిక పని చేసింది. మన విమర్శ ఎప్పుడూ మొదటి రకం వచనానికే ఆకర్షితమవుతుంది. నేనూ ఈ వ్యాసంలో అదే చేస్తున్నాననుకోండి. పట్టికను విమర్శించడం కష్టం, అందులో అర్థాంతరన్యాసాలుండవు.

1943 బెంగాల్ కరవుపై వేసిన విచారణ సంఘంలో అక్రాయిడ్ సభ్యులు. కూనూరు ఎలుకల వరసలో బెంగాలీ తిండి కిందినుంచి రెండోది. కాంటర్ ఉపన్యాసాలు జరిగిన ఏడేళ్ళకు బెంగాల్‌లో ఆ తిండి కూడా లేక లక్షలమంది చనిపోయారు.

6. ఉపన్యాసం తరవాతి బతుకు

గిల్గిత్‌కు ఉత్తరాన ఉన్న హూంజా జనంలో తొమ్మిదేళ్ళ వైద్యంలో కడుపులో పుండు, అపెండిసైటిస్, క్యాన్సర్ వంటివి తనకు కనబడలేదని మెక్కారిసన్ మెలన్ ఉపన్యాసంలో చెప్పారు. ఒక వైద్యుడి అనుభవంగా ఆ మాటకు విలువ ఉంది. తన దగ్గరకు రాని రోగుల సంఖ్య ఏ వైద్యుడికీ తెలియదన్న పరిమితీ ఉంది. వేదికమీద చెప్పినప్పుడు ఆ పరిమితి శ్రోతకు వినబడలేదు. 1938లో రెంచ్ రాసిన 'ద వీల్ ఆఫ్ హెల్త్', 1948లో రోడేల్ రాసిన 'ద హెల్దీ హూంజాస్' దాన్ని ఒక పురాణం చేశాయి. మధ్యలో 1939లో చెషైర్ వైద్యుల బృందం వెలువరించిన 'మెడికల్ టెస్టమెంట్'కు కూనూరు ప్రయోగాలే ఆధారం. సేంద్రియ వ్యవసాయ ఉద్యమానికి అది ఒక మూలపత్రమైంది. జబ్బే ఎరుగని పర్వతవాసులన్న కథ ఈనాటికీ తెలుగు ఆరోగ్య పుస్తకాలలో, సందేశాలలో తిరుగుతూనే ఉంది. శాస్త్రపత్రంలో షరతులతో ఉన్న వాక్యం ఉపన్యాసంలో సగం షరతులు వదులుకుంటుంది, ఉపన్యాసం విన్నవాడి పుస్తకంలో మిగతా సగం పోతాయి.

7. హైదరాబాదులో జొన్న, బియ్యం

సంస్థ హైదరాబాదుకు వచ్చాక దాని ఎదుటికి వచ్చిన తిండి మారింది. దక్కన్ పీఠభూమి పేదల అన్నం జొన్న. జొన్నే ప్రధానంగా తినేవారిలో పెల్లాగ్రా కనబడటం గోపాలన్, శ్రీకాంతయ్య గమనించారు. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతిచలనం ఆ వ్యాధి లక్షణాలు. జొన్నలో అధికంగా ఉన్న ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం నయాసిన్ వినియోగానికి అడ్డుపడుతున్నదన్న ప్రతిపాదనను వారు 1960లో 'లాన్సెట్'లో ప్రకటించారు. ఆ ప్రతిపాదనపై తరవాత వాదోపవాదాలు సాగాయి. కూనూరు ఎలుకలతో పోలిస్తే ఇక్కడ దృష్టి మారింది. ఏ జాతి తిండి అన్న ప్రశ్న పోయి, ఏ పేదరికపు తిండి అన్న ప్రశ్న వచ్చింది. జొన్నరొట్టెతోపాటు పాలు, పప్పు, మాంసం తినగలిగినవాడికి పెల్లాగ్రా రాలేదు. అంతర్జాతీయ సంస్థలు మాంసకృత్తుల కొరత అంటూ గగ్గోలు పెట్టిన కాలంలో, మన పేదపిల్లలకు అసలు కొరత కడుపునిండా తిండి అని గోపాలన్ నిలబడి వాదించగలగడం ఈ మార్పు ఫలితమే.

2023ను ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. తెలుగు వేదికలమీద జొన్న ఇప్పుడు ఔషధం. రెండు తరాల కిందట వ్యాధికి కారణమని అనుమానించిన గింజ నేడు అన్ని వ్యాధులకూ మందు. గింజ మారలేదు. దాన్ని తినేవాడు మారాడు. అప్పటి జొన్న తినేవాడికి వేరే గతి లేదు, ఇప్పటి శ్రోత వరి మానేసి జొన్న కొంటున్నాడు. పెల్లాగ్రా రోగికి జొన్న మంచిదని చెప్పడం ఎంత అర్థరహితమో, మధుమేహం ఉన్న నగరవాసికి జొన్న ప్రమాదమని చెప్పడం అంతే అర్థరహితం. ఆరోగ్యోపన్యాసంలో నామవాచకం కన్నా సంబోధన ముఖ్యమనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

బియ్యం సంగతికొస్తే, ఉప్పుడు బియ్యం ఈనాటికీ మన కంచంలోకి రాలేదు. తెలంగాణలో యాసంగి వడ్లు మర పడితే నూక ఎక్కువవుతుంది కాబట్టి వాటిని ఉప్పుడు బియ్యంగా మార్చి పొరుగు రాష్ట్రాలకు పంపుతున్నారు. 2021లో కేంద్రం ఆ బియ్యం ఇక కొననన్నప్పుడు రాజకీయ వివాదం రేగింది. అన్ని రోజుల వాదోపవాదాలలో ఇది ఒకప్పుడు తెలుగు తీరంలో పసిపిల్లలను కాపాడగలిగి ఉండేదన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు. మనకది గోదాము సమస్య, తిండి కాదు.

అదే సంవత్సరం ఆగస్టు 15న ప్రధానమంత్రి పౌరసరఫరాలలో బలవర్థక బియ్యం పంపిణీని ప్రకటించారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, యంత్రంలో గింజ ఆకారంలోకి తెచ్చి, నూరుపాళ్ళ మామూలు బియ్యానికి ఒక పాలు చొప్పున కలుపుతారు. తవుడుతోపాటు తీసేసిన పోషకాలలో కొన్నిటిని మరో దారిలో తిరిగి తెచ్చే ప్రయత్నమిది. దీనిపై శాస్త్రపరమైన భిన్నాభిప్రాయాలున్నాయి, అవి ఉండవలసినవే. కాని ఊళ్ళలోకి ముందు వెళ్ళినది బియ్యపు బస్తా. బస్తామీద ముద్ర ఉంది, మాట లేదు. ఆ గింజ ఏమిటో, ఎందుకు కలిపారో, కడిగితే ఏమవుతుందో, గంజి వార్చితే ఏమవుతుందో చెప్పడానికి తెలుగులో మాటలు లేక కాదు. తవుడు, కుడితి, గంజి, తరవాణి, దంపుడు, ఉప్పుడు, పచ్చి, ముతక అన్న మాటలతో ఒక ఉపన్యాసం మొత్తం చెప్పవచ్చు. ఆ మాటలు ఎవరూ అందుకోనప్పుడు జనం తమ మాట తామే చెప్పుకున్నారు. ప్లాస్టిక్ బియ్యమన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పలుచోట్ల ఆ పుకారు పుట్టి వార్తలకెక్కింది. అధికారులు అది ప్లాస్టిక్ కాదని ప్రకటనలిచ్చారు. ఆ గింజ తేలిక కావడంవల్ల బియ్యం కడిగేటప్పుడు నీటిమీద తేలుతుంది. అనుమానానికి మొదటి ఆధారం అదే. మంచి గింజ మునుగుతుంది, తాలు తేలుతుంది అన్నది వడ్లు తెలిసిన ప్రతి చెయ్యీ నేర్చుకున్న పాఠం. కాబట్టి ఇల్లాలు గిన్నె వంచి, తేలిన గింజలను కుడితితోపాటు బయటికి పంపేస్తుంది.